యోమన్ వార్డర్‌గా పోకూడదు

లండన్ టవర్‌లో కొత్తగా కొలువులో చేరిన కాపలాదారుకి తోటివాళ్లు ఇచ్చే స్వాగతం ఒకటుంది. ప్రమాణస్వీకారం అయ్యాక అందరూ ఒకచోట చేరతారు. ఒక పెద్ద పాత ప్యూటర్ గిన్నెలోంచి పంచ్ పోసుకుని, గ్లాసులెత్తి, కొత్తాయనకి శుభం పలుకుతారు. ఆ పలికే మాట ఏమిటంటే, "నువ్వు యోమన్ వార్డర్‌గా ఉండగా నీకు చావు రాకూడదు!"

మన ఇళ్లలో అయితే ఆ మాట అన్నవాళ్ల నోరు అక్కడే నొక్కేసేవారు. ఉద్యోగంలో చేరిన రోజున చావు మాటేమిటి, పైన తథాస్తు దేవతలుంటారు అని పెద్దవాళ్లు కేకలేసేవారు. నేను మొదటిసారి విన్నప్పుడు ఇంగ్లీషు వాళ్ల మోటు హాస్యం కాబోలు అనుకున్నాను. దాని వెనక లెక్క తెలిశాక ఇది దీవెనే అని అర్థమైంది. పైగా చాలా ముందుచూపున్న దీవెన.

లెక్క ఇదీ. ఒకప్పుడు ఈ కొలువు కొనుక్కునేది. ధర 250 గినీలు. గినీ అంటే 21 షిల్లింగులు కాబట్టి, ఇప్పటి భాషలో 262 పౌండ్ల 50 పెన్నీలు. ఆ రోజుల్లో అది ఒక సంసారం ఏళ్ల తరబడి కూడబెట్టాల్సిన సొమ్ము. పని మానేసి వెళ్లిపోయేటప్పుడు ఆ కొలువుని ఇంకొకరికి అమ్ముకుని డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ కొలువులో ఉండగా మనిషి పోతే మాత్రం ఆ 250 గినీలు టవర్ అధిపతి అయిన కానిస్టేబుల్ ఖాతాలోకి పోతాయి, పెళ్లాంపిల్లలకి చిల్లిగవ్వ రాదు. అందుకని తోటివాళ్ల దీవెన: నాయనా, ఇక్కడ పోవద్దు, అమ్ముకుని ఇంటికెళ్లి హాయిగా పో. 1826లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ కానిస్టేబుల్‌గా వచ్చాక ఈ అమ్మకాలు కొనుగోళ్లు ఆపించి, సైన్యంలో బాగా పనిచేసిన సార్జెంట్లకే ఈ కొలువు ఇవ్వాలన్నాడు. 250 గినీల గొడవ తీరి రెండు వందల ఏళ్లు కావస్తోంది. దీవెన మాత్రం అలాగే ఉండిపోయింది.

టవర్‌కి వెళ్లినవాళ్లందరూ వీళ్లని చూసే ఉంటారు. ముదురు నీలం కోటు, ఎర్ర అంచులు, గుండ్రటి టోపీ, గుండెల మీద కిరీటం బొమ్మ, దాని కింద రాజుగారి అక్షరాలు. రోజూ వేసుకునే ఈ నీలం దుస్తులు 1858లో విక్టోరియా రాణి ఇచ్చినవి. పండగలకీ రాచకార్యాలకీ వేసే ఎరుపు, బంగారు జరీ దుస్తులు వేరే ఉంటాయి. లోకమంతా వీళ్లని బీఫీటర్లు అంటుంది. జిన్ సీసా మీద బొమ్మ కూడా వీళ్లదే. మనవాళ్లు చాలామంది వీళ్లని టూరిస్టుల కోసం వేషం కట్టిన గైడ్లు అనుకుంటారు. మా ఇంటికొచ్చే చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు "పాపం ఎండాకాలంలో కూడా ఈ వేషమేనా" అని జాలిపడ్డారు కూడా.

వేషం కాదది. ఇక్కడ చేరాలంటే సైన్యంలో కనీసం 22 ఏళ్లు పనిచేసి ఉండాలి, వారంట్ ఆఫీసర్ హోదాకి వచ్చి ఉండాలి, దీర్ఘకాల సేవకీ సత్ప్రవర్తనకీ ఇచ్చే పతకం ఉండాలి. అంటే కోటలో మన పిల్లల పక్కన నిలబడి ఫోటో దిగే ఆ పెద్దమనిషి, జీవితంలో సగం ఎక్కడెక్కడో తుపాకీ పట్టుకుని గడిపి వచ్చినవాడు. మొత్తం ముప్పై చిల్లర మంది ఉంటారు. 2007లో మొయిరా కామెరన్ చేరేదాకా ఆడవాళ్లెవరూ లేరు. రాజుగారి వెంట ఉండే యోమన్ ఆఫ్ ది గార్డ్ వేరు, వీళ్లు వేరు. వాళ్ల దళం 1485లో ఏడో హెన్రీ పెట్టింది. దుస్తులు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల ఈ దేశంలో పుట్టినవాళ్లు కూడా తికమక పడతారు, మనమెంత.

ఆ రాచదుస్తులు వీళ్లకి ఎలా వచ్చాయన్నది నాకు బాగా నచ్చిన కథ. ఆరో ఎడ్వర్డ్ రాజు చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు రాజ్యం నడిపింది మేనమామ, డ్యూక్ ఆఫ్ సోమర్సెట్. 1549లో రాజకీయం తిరగబడి ఆయన్నే తెచ్చి టవర్‌లో పెట్టారు. ఖైదీగా ఉన్న ఆ రోజుల్లో వార్డర్ల పనితనం, మర్యాద చూసి, నేను బయటపడితే మీకు రాజుగారి దుస్తులు ఇప్పిస్తానని మాటిచ్చాడట. బయటపడ్డాడు, ఇప్పించాడు. తర్వాత మళ్లీ పట్టుకుని, 1552లో టవర్ హిల్ మీద తల నరికేశారు. కోట లోపల ఉన్న సెయింట్ పీటర్ అడ్ విన్క్యులా చాపెల్‌లో ఆయన్ని పాతిపెట్టారు. తమకి బట్టలు పెట్టిన మనిషి సమాధిని ఈ కాపలాదారులు ఇప్పటికీ కాపలా కాస్తున్నారన్నమాట.

ఆ చాపెల్ గురించి చెప్పాలి. టవర్ గోడల లోపల వార్డర్లు పెళ్లాంపిల్లలతో కాపురముంటారు. వాళ్లకో డాక్టరున్నాడు, పాస్టరు గారున్నారు, బయటివాళ్లకి ప్రవేశం లేని సొంత పబ్ ఉంది. సాయంత్రం టూరిస్టులు వెళ్లిపోగానే అదొక చిన్న ఊరు. ఆ ఊరికి గుడి ఈ చాపెల్. టూరిస్టులకి మాత్రం ఇది రాణుల సమాధుల చోటు. ఆన్ బొలీన్, కాథరీన్ హోవార్డ్, ఇంకా చిన్నపిల్ల లేడీ జేన్ గ్రే, ముగ్గురూ తలలు పోయి ఇక్కడే ఉన్నారు. ఆన్ బొలీన్ చనిపోయిన మే 19న ప్రతి ఏడూ ఎవరో ఎర్రగులాబీలు పంపుతారు, వాటిని వార్డర్లే తీసుకెళ్లి ఆమె సమాధి మీద పెడతారు. అయిదు వందల ఏళ్ల కిందట పోయిన రాణికి ఏడాదికోసారి పూలు పెట్టడం వీళ్ల పనుల్లో ఒకటి.

మరి వీళ్లలో పోయినవాళ్లకి? ఈ నెల నేను రాయాలనుకున్నది అది. రాజుల్ని, రాణుల్ని, ఖైదీల్ని, దొంగల్ని కథలు కథలుగా చెప్పే ఈ మనుషులు తమలో పోయినవాళ్ల గురించి టూర్‌లో చెప్పడం నేను వినలేదు. కొంతవరకు ఆ దీవెనే దీనికి కారణం. దీవెన ఫలిస్తే వార్డర్ టవర్‌లో పోడు. దిగిపోయి, టోపీ అప్పజెప్పి, తన ఊరు తను వెళ్లిపోతాడు. కొలువులో ఉన్నన్నాళ్లూ టవర్‌లోనే కాపురమున్నా, దిగిపోయాక తల దాచుకోవడానికి వార్డర్లకి బయట సొంత ఇల్లు ఉండాలన్నది నియమం. విదేశంలో ఉద్యోగం చేసుకుంటూ ఊళ్లో ఇల్లు కట్టించి తాళం వేసి ఉంచేవాళ్లం మనకి ఈ నియమం వింతగా అనిపించదు. అలా వెళ్లినాయన పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఏ సముద్రం ఒడ్డు పల్లెలోనో పోతాడు. ఆ వీధిలో వాళ్లకి ఆయన కుక్కని తిప్పే ముసలాయన.

టవర్‌లో రాత్రిపూట జరిగే తాళాల వేడుక చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఏడు వందల ఏళ్లుగా నడుస్తోందంటారు. సరిగ్గా రాత్రి 9 గంటల 53 నిమిషాలకి ప్రధాన వార్డర్ ఎర్రకోటు వేసుకుని, ఒక చేత్తో లాంతరు, ఇంకో చేత్తో తాళంచెవులు పట్టుకుని బయల్దేరతాడు. తలుపులన్నీ వేసుకుంటూ సిపాయిలతో వెనక్కి నడిచి వస్తుంటే, బ్లడీ టవర్ కమాను దగ్గర పహరా సిపాయి తుపాకీ చూపి ఆపుతాడు. ఎవరది? తాళాలు. ఎవరి తాళాలు? చార్లెస్ రాజుగారి తాళాలు. అయితే పోనివ్వండి, అంతా క్షేమం. పది కొట్టేసరికి బ్యూగిల్ మోగుతుంది, ముగుస్తుంది.

మేము వెళ్లిన రాత్రి చినుకులు పడుతున్నాయి. ఫోటోలు తీయనివ్వరు, మాట్లాడనివ్వరు. నేను గమనించింది ఒకటే. ఎవరి తాళాలని అడుగుతాడు గానీ, మోసేది ఎవరని అడగడు. 2022 సెప్టెంబరులో రాణిగారు పోయారు, ప్రశ్నకి జవాబులో పేరు మారింది, గుండెల మీద అక్షరాలు మారాయి. మోసేవాడి పేరు ఎప్పుడూ ఆ మాటల్లో లేదు. ఏడు వందల ఏళ్లు ఒక్క రాత్రి తప్పకుండా నడవాలంటే బహుశా అలాగే ఉండాలేమో. మనిషి పేరు మీద నడిచే వేడుక మనిషితోనే ఆగిపోతుంది.

ఆ వేడుక ఆలస్యమైంది ఒక్కసారేనని చెబుతారు. 1940 డిసెంబరు 29. జర్మన్ విమానాలు లండన్ మీద నిప్పుబాంబులు కురిపించిన రాత్రి. ప్రధాన వార్డరూ సిపాయిలూ కమాను కింద నుంచి వస్తుండగా పక్కనే బాంబులు పడ్డాయి. ఆ అదురుకి అందరూ కింద పడిపోయారు. లేచి, బట్టలు దులుపుకుని, మిగతాది పూర్తిచేశారు. ఆలస్యమైనందుకు క్షమించమని గార్డు ఆఫీసరు ఆరో జార్జి రాజుకి ఉత్తరం రాస్తే, శత్రువు చేసిన పనికి నీకు శిక్షేమీ లేదని జవాబొచ్చింది. ఈ కథ చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారు. చెప్పేవాళ్లు కూడా నవ్వించేలాగే చెబుతారు. దానికి మూడు నెలల ముందు, అక్టోబరులో, కోట ఉత్తరపు బురుజు మీద బాంబు సూటిగా పడి ఒక వార్డర్ చనిపోయాడన్నది మాత్రం చాలామంది వినరు. కొలువులో ఉండగానే పోయాడు. ఆయన్ని స్వాగతించిన రోజున కూడా గ్లాసులెత్తి అదే దీవెన పలికి ఉంటారు కదా అనుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇక్కడ మా తాతయ్య సంగతి చెప్పాలి. అమ్మ వాళ్ల నాన్న. కాకినాడ కలెక్టరాఫీసులో డఫేదారు. ఈ మాట ఇక్కడ పుట్టిన పిల్లలకి అసలు తెలియదు, మనలో కూడా కొందరు మర్చిపోయి ఉంటారు. కలెక్టరుగారి గది ముందు తెల్ల పొడుగు కోటు, తలపాగా, భుజం మీంచి అడ్డంగా ఎర్ర డవాలు, దాని మీద ఇత్తడి బిళ్లతో నిలబడే మనిషి. కలెక్టరుగారు నడుస్తుంటే ముందు నడిచేది ఆయనే. జెండా పండగ నాడు కలెక్టరు కంటే ఆయనే అందంగా ఉండేవాడని అమ్మమ్మ నమ్మకం. తాతయ్య సర్వీసులో ఎంతమంది కలెక్టర్లు మారారో ఆయనకి వరసగా నోటికొచ్చేది. డఫేదారు పేరు ఆ కలెక్టర్లలో ఎంతమందికి గుర్తుండి ఉంటుందో చెప్పలేను. అందరూ డఫేదారూ అనే పిలిచారు. వీధిలో కూడా డఫేదారు గారే. పెళ్లి శుభలేఖల మీద ఇంటిపేరు రాసి బ్రాకెట్లో డఫేదారు అని వేసేవారు, లేకపోతే ఎవరో తెలియదని.

రిటైరైన రోజున డవాలూ బిళ్లా అప్పజెప్పేసి వచ్చాడు. ఆ బిళ్లని అంతకుముందు రాత్రి చింతపండు పెట్టి తోమాడట. కెమిస్ట్రీ చదివే రోజుల్లో చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది మకిలిని ఎలా కరిగిస్తుందో నేను ఆయనకి చెప్పబోతే, "అదంతా నాకు తెలీదమ్మా, రేపు వచ్చేవాడికి మెరిసే బిళ్ల ఇవ్వాలి, అంతే" అన్నాడు.

2019లో ఆయన పోయాడు. మేము ఇక్కడ స్లౌలో ఉన్నాం, చిన్నాడికి మూడో నెల, వెళ్లలేకపోయాను. కుటుంబమంతా వాట్సాప్ గ్రూపులోనే ఉంది కాబట్టి అక్కడ జరిగిందంతా నాకు ఇక్కడికి తెలుస్తూనే ఉంది. పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టించాలి, ఏ ఫోటో వేయాలి అన్నదాని మీద మామయ్యలిద్దరూ ఒకవైపు, అమ్మమ్మ ఒకవైపు అయ్యారు. మామయ్యలకి ఆ డవాలు ఫోటో కావాలి. ఉన్న ఫోటోల్లో అదే గొప్పది. స్టూడియోలో తీయించింది, బిళ్ల మీద అక్షరాలు కూడా కనిపిస్తాయి. అమ్మమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పెరట్లో అరుగు మీద పంచె కట్టుకుని, పైన తువ్వాలు వేసుకుని కూర్చున్న ఫోటో వేయమంది. అది మా బావ ఫోన్లో తీసింది, సగం మసకగా ఉంది.

"నాన్నగారిని ఊళ్లో అందరూ అలాగే ఎరుగుదురు కదమ్మా" అని పెద్దమామయ్య అంటే, "ఆ బట్టలు సర్కారువిరా. తిరిగి ఇచ్చేశారు ఆయన. ఈయన మన మనిషి" అందట.

చివరికి మసక ఫోటోనే వేశారు. నా మటుకు నాకు ఇప్పటికీ రెండు మనసులే. ముప్పై ఏళ్లకి పైగా నిటారుగా నిలబడిన మనిషి. ఆ నిలబడటంలో ఒక పనితనం ఉంది, దాన్ని చూసి గౌరవించాలంటే ఆ దుస్తులే కావాలి. అమ్మమ్మ మాటా కాదనలేను. ఆవిడకి తెలిసిన మనిషి సాయంత్రం ఆరు తర్వాత ఇంటికొచ్చేవాడు. టవర్ దీవెనలో ఉన్నది అమ్మమ్మ పక్షమే అనిపిస్తుంది. డఫేదారుగా పోకు, మా ఆయనగా వచ్చి పో.

మన శ్రాద్ధంలో ఉన్న ఏర్పాటు కూడా గమనించదగ్గదే. తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లు గోత్రంతో సహా చెప్పి తలుచుకుంటాం. నాలుగో తరానికి వచ్చేసరికి ఆ పేరు జాబితాలోంచి జారిపోతుంది. ఎవరేం పని చేశారో, కలెక్టరో డఫేదారో, మంత్రంలో ఎక్కడా రాదు. ఉద్యోగం అడగని చోటు అదొక్కటే అనుకుంటా. టవర్ వేడుకకి సరిగ్గా తలకిందులు ఇది. అక్కడ పని ఉంది, పేరు లేదు. ఇక్కడ పేరు ఉంది, పని లేదు. రెండూ కలిసి ఉండే చోటు కోసం నేను వెతికాను.

కోటలో ఒకటి దొరికింది, కానీ మనుషులకి కాదు, కాకులకి. టవర్‌లో కనీసం ఆరు కాకులు ఉండాలి, లేకపోతే రాజ్యం కూలుతుందన్న నమ్మకం అందరికీ తెలిసిందే. మామూలు కాకులు కావవి, మన బొంతకాకి కంటే కూడా పెద్దవి. వాటిని చూసుకోవడానికి వార్డర్లలోనే ఒకరిని రావెన్‌మాస్టర్‌గా పెడతారు. పచ్చిమాంసం, రక్తంలో నానబెట్టిన బిస్కట్లు పెడతారు. ప్రతి కాకికీ పేరుంది, చనిపోయిన కాకుల పేర్లతో కందకం దగ్గర ఒక స్మారకం ఉంది. 1986లో జార్జ్ అనే కాకి టీవీ యాంటెన్నాలు పీకి తింటోందని, ప్రవర్తన బాగోలేదని ఉద్యోగం తీసేసి వేల్స్‌లో జూకి పంపేశారు. 2021 జనవరిలో మెర్లీనా అనే కాకి కనబడకుండా పోతే దేశమంతా వార్త అయింది. మా అత్తయ్యగారిని తీసుకెళ్లినప్పుడు ఆవిడ ఆ కాకుల ముందు చాలాసేపు నిలబడిపోయారు. పిండం ముట్టడానికి కాకి రాలేదని ఎన్నిసార్లు ఎదురుచూశామో, ఇక్కడ చూడు ఎంత దర్జాగా తిరుగుతున్నాయో అన్నారు. వాటికి పేరున్న రాయి వేయడం ఆవిడకేం విచిత్రంగా అనిపించలేదు.

మనిషి ఒకరున్నారు. ఆయన వార్డర్ కాదు, నగల కొట్టు కాపలాదారు. పేరు టాల్బట్ ఎడ్వర్డ్స్. రాజముకుటాలున్న గదికి పైనే భార్యాపిల్లలతో కాపురముండేవాడు. 1671లో, ఆయనకి 77 ఏళ్లప్పుడు, కల్నల్ బ్లడ్ అనే మోసగాడు పాస్టరు వేషం వేసుకుని, పక్కన ఒకావిడని భార్యగా చూపించి, ఇంటికి రాకపోకలు పెట్టుకున్నాడు. ఇంట్లో ఆడపిల్ల ఉందని తెలిసి, మా అన్నగారబ్బాయి ఉన్నాడు, సంబంధం కలుపుకుందామన్నాడు. పెళ్లిచూపులని మే 9న మనుషుల్ని వెంటపెట్టుకుని వచ్చాడు. పెళ్లివాళ్లు వచ్చేలోపు నగలు చూపించమన్నాడు. ముసలాయన తలుపు తీసి లోపలికి తీసుకెళ్లగానే నోట్లో గుడ్డ కుక్కి, సుత్తితో తల మీద కొట్టి, కత్తితో పొడిచారు. కిరీటాన్ని నలగ్గొట్టి కోటు కింద దాచుకుని పారిపోతూ దొరికిపోయారు.

తర్వాతిది వినండి. రెండో చార్లెస్ రాజు ఆ బ్లడ్‌ని పిలిపించి మాట్లాడి, క్షమించేసి, ఐర్లండ్‌లో ఏడాదికి 500 పౌండ్లు వచ్చే భూములిచ్చాడు. ఎందుకిచ్చాడన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. దెబ్బలు తిన్న ఎడ్వర్డ్స్‌కి 200 పౌండ్లు ఇస్తామన్నారు, అదీ సకాలంలో చేతికందలేదు. 1674లో ఆయన పోయాడు. ఆయన్ని ఆ చాపెల్‌లోనే, రాణులున్న చోటే సమాధి చేశారు. రాయి మీద పేరుంది, రాజుగారి నగల కాపలాదారు అని పనీ ఉంది. నాకు అది చాలు అనిపించింది. బ్లడ్ కథ టూర్‌లో అందరూ చెబుతారు, జనం చప్పట్లు కొడతారు. ఎడ్వర్డ్స్ రాయి దగ్గర మాత్రం ఎవరూ ఆగరు.

మనవాళ్లు ఆగేది ఎక్కడో నాకు తెలుసు. కోహినూర్ దగ్గర. నేనూ ఆగాను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే రాయి అది. ఆ గనులు ఇప్పుడు పల్నాడులో పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. 1849లో పంజాబుని కలుపుకున్నప్పుడు చిన్నపిల్లవాడైన రాజు చేత సంతకం పెట్టించి తీసుకున్న వజ్రం, 1937లో చేయించిన రాణిగారి కిరీటంలో కూర్చుంది. ఆ గదిలో కదిలే బాట మీద నిలబడి చూస్తూ వెళ్లిపోవాలి. మనవాళ్లు రెండుసార్లు మూడుసార్లు తిరిగి ఎక్కుతారు, "మనదే" అని పిల్లల చెవిలో చెబుతారు. చెప్పాలి కూడా, అందులో నాకేం అభ్యంతరం లేదు. అయితే ఆ కోపం బయట ఎండలో నిలబడ్డ వార్డర్ మీద చూపించిన ఒకాయన్ని చూశాను. మా రాయి ఎప్పుడిస్తారు అని వెటకారంగా అడిగాడు. ఆ వార్డర్ చాలా మర్యాదగా, "నా దగ్గర ఆ తాళంచెవి లేదండీ, ఉంటే నా భార్య ఎప్పుడో తీసుకునేది" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన కూడా. మా తాతయ్యని కూడా కలెక్టరుగారి మీది కోపం తీర్చుకోవడానికి జనం అలాగే అడిగేవారు, మా పట్టా ఎప్పుడిస్తారు డఫేదారూ అని.

ఈ వేసవిలో ఊరి నుంచి పెద్దవాళ్లని తీసుకొచ్చి టవర్ చూపించాలనుకునేవాళ్లకి రెండు మాటలు. తాళాల వేడుకకి విడిగా టికెట్ ఆన్‌లైన్లో ముందుగా తీసుకోవాలి, చాలా త్వరగా అయిపోతాయి, పగటి టికెట్టు దానికి పనికిరాదు. రాత్రి చలి ఉంటుంది, పెద్దవాళ్లకి శాలువా పెట్టుకోండి, కూర్చోవడానికి చోటు దొరకదు. పగలు వార్డర్లు తిప్పి చూపించే టూర్‌కి వేరే డబ్బు కట్టనక్కర్లేదు. అరగంట ఆగినా సరే అది వదులుకోకండి. చాపెల్ లోపలికి వెళ్లినప్పుడు రాణుల దగ్గరే కాకుండా గోడల మీదా నేల మీదా ఉన్న పేర్లు కూడా కాస్త చదవండి.

టూర్ అయ్యాక వార్డర్ దగ్గర కాసేపు నిలబడితే ఆయన మాట్లాడతారు. అందరూ దయ్యాల గురించి అడుగుతారు. మీరు ఏ రెజిమెంటులో చేశారు, ఎక్కడెక్కడ ఉన్నారు అని అడిగి చూడండి, మొహం మారిపోతుంది. మేము అడిగితే, ఒకాయన జర్మనీ, ఉత్తర ఐర్లండ్, ఇరాక్ అని వేళ్లు మడిచి చెప్పారు. మా పెద్దది మధ్యలో దూరి, మరి మీ సొంత ఇల్లెక్కడ అని అడిగింది. ఉత్తరాన సముద్రం దగ్గర అన్నారు. ఇప్పుడు అద్దెకున్నవాళ్లు పెరట్లో చెట్టు కొట్టేశారని, వెళ్లగానే మళ్లీ నాటాలని, ఆ చెట్టు ఏ జాతిదో పేరు చెప్పి మరీ చెప్పారు. మా వారు ఫోన్లో వెతికి చూస్తే అది ఒక రకం ఆపిల్.